ముప్పయ్యో సంవత్సరం మ్యాచ్

మొన్న శుక్రవారం కువైట్‌లోని ఖైతాన్‌లో మా భవనం కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఒక పాత తోలు సంచీకి గుడ్డతో నూనె పట్టిస్తున్నాడు. ఎండ అప్పటికే గోడ దిగి ఆయన పీట దాకా వచ్చింది. కాగిన తోలు వాసన, దాని మీద నూనె వాసన కలిసి ముఖానికి తగిలేసరికి, రొట్టెల కోసం బయల్దేరినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ఏం కావాలని ఆయన హిందీలో అడిగాడు. ఏమీ వద్దన్నాను. పదేళ్ళ కింద నేను నడిపిన తెల్లకారు తలుపు వేసవి పొద్దున తీయగానే సరిగ్గా ఇదే వాసన వచ్చేది. వెనక సీటు మీద ఎప్పుడూ ఒక బేస్‌బాల్ తోలు చేతితొడుగు ఉండేది. అది నిషిదా గారిది. ఆయన్ని సాల్మియా నుంచి అర్దియాలోని మా పంపుల వర్క్‌షాపుకి పొద్దున తీసుకెళ్ళడం, సాయంత్రం తిరిగి దింపడం నా పని.

నిషిదా గారిని మీలో ఎవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, తల పూర్తిగా నెరిసింది, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు. జపాన్ నుంచి నీటి ప్లాంటు కట్టడానికి వచ్చిన బృందంతో చిన్న వయసులోనే కువైట్‌లో దిగారు. పని ముగిసి బృందం వెళ్ళిపోయినా ఆయన మళ్ళీ మళ్ళీ వచ్చారు. చివరకు మాకు పూచీగా ఉండే ఇక్కడి యజమాని, కఫీల్ అంటాం, ఆయన వర్క్‌షాపులో సలహాదారుగా ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. నేను కలిసేనాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. నడుస్తున్న పంపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏ బేరింగ్ అరిగిందో చెప్పేవారు. విప్పి చూస్తే అదే అయ్యేది. మా కఫీల్‌కి ఆయనంటే ఇంజనీరు మీద ఉండే గౌరవం కన్నా ఎక్కువ గౌరవం ఉండేది. ఇద్దరూ ఒకే వయసు వాళ్ళు.

నా సంగతి కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. మాది రాయచోటి దగ్గర పల్లె. పదో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత ఏడేళ్ళు రాయచోటి శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. అక్కడి బీరువాల్లో ఉన్నదంతా, పురుగుమందుల పుస్తకాలతో సహా, చదివాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. కువైట్ వచ్చి డ్రైవరునయ్యాక నా చేతిలో పుస్తకం చూసి నవ్వినవాళ్ళే గాని, ఏం చదువుతున్నావని అడిగినవాళ్ళు లేరు. నిషిదా గారు మొదటిరోజే అడిగారు. వర్క్‌షాపు గేటు ముందు కారులో కూర్చుని చదువుకుంటుంటే అద్దం మీద వేలితో కొట్టి, "అందులో ఏముంది?" అన్నారు. గ్రహాల గురించి ఉందని చెప్పాను. "ఎవరు రాశారు?" అన్నారు. అట్ట తిప్పి చూసి చెప్పాను. అంతవరకూ నేను పుస్తకం రాసినవాడి పేరు చూసే అలవాటున్న మనిషిని కాను. పుస్తకమంటే పుస్తకమే, అందులో ఉన్నది నిజమే అనుకునేవాణ్ణి.

ఇక్కడి గ్రంథాలయంలో నాకు కార్డు ఇప్పించింది ఆయనే. ఆ గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలకు రెండు బీరువాలున్నాయని తెలిసి వెళ్ళాను. ఈ దేశంలో ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు చూపించినా, పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే ఎవరైనా పూచీగా సంతకం చెయ్యాలన్నారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను, ఎవరినీ అడగలేక. కారులో జారిపడితే ఆయన తీసి చూసి, తొడ మీద పెట్టుకుని సంతకం చేసి ఇచ్చారు. ఈ సంగతి లేతు మిషను దగ్గర పనిచేసే మస్తానన్నకు చెప్పాను. ఆయనది కడప, మా వర్క్‌షాపులో అందరికన్నా పాతవాడు.

"ఏమప్పా రమణా, పుస్తకాలకు గూడా కఫీల్ గావల్లా?" అని నవ్వాడు మస్తానన్న. "నీ ఇఖామా అయిపోతే ఆ పుస్తకాన్ని గూడా ఊరికి పంపిస్తారేమో సూసుకో."

డ్రైవరుగా చేరినవాణ్ణి రెండేళ్ళకు, ఆయన కారు నడుపుతూనే, స్టోరులో రిజిస్టరు రాసేవాణ్ణయ్యాను. అదీ ఆయన నేర్పిందే. బాగుకు వచ్చిన ప్రతి పంపుకీ ఒక పేజీ. చూసింది ఒక గడిలో రాయాలి, పంపు తెచ్చినవాడు చెప్పింది వేరే గడిలో రాయాలి. రెండూ కలిపి రాస్తే ఆయన పేజీ చింపించేవారు. "నువ్వు చూడలేదు, విన్నావు" అనేవారు, కోపం లేకుండానే. ఒక్కో పేజీ మూడుసార్లు రాసిన రోజులున్నాయి.

కానీ ఆయన ఎక్కువగా మాట్లాడింది పంపుల గురించి కాదు, తన బేస్‌బాల్ జట్టు గురించి. ఆ జట్టు పేరు నేనిక్కడ రాయను. దానికి రెండుసార్లు పేరు మారింది, ఒక పేరు రాస్తే మిగతా రెండు పేర్ల కాలంలో ఆడినవాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుందని ఆయనే అనేవారు. ఆయన నోట అది ఎప్పుడూ "మా జట్టు". పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు, నాలుగేళ్ళు. తొడుగు ఒళ్ళో పెట్టుకుని, చిన్న సీసాలోంచి నూనె వేలితో తీసి రాస్తూ చెప్పేవారు. బేస్‌బాల్ ఎలా ఆడతారో నాకు తెలియదు. క్రికెట్ తెలిసిన మనిషికి అది ఎలా చెప్పాలో ఆయనకు తెలియదు. బంతి విసిరేవాడు ఒకటో నంబరు, దాన్ని పట్టేవాడు రెండో నంబరు, అలా తొమ్మిదిమందికీ నంబర్లుంటాయని, ఆ నంబర్లతో మ్యాచ్ మొత్తం ఒక కాగితం మీద రాయవచ్చని నేర్పారు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు స్టీరింగు మీద కాగితం పెట్టి నాచేత రాయించేవారు. వెనక కారువాళ్ళు హారను కొడితే, "యల్లా, యల్లా" అని తనే తొందరపెట్టేవారు.

ఆ జట్టును పుట్టించింది ఒక రైలు కంపెనీ. జపాన్‌లో జట్లు ఊళ్ళవి కావు, కంపెనీలవి అని అప్పుడే తెలిసింది. రైలు మార్గం వేశారు గాని ఆదివారాలు బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయి. అందుకని స్టేషను పక్కనే మైదానం కట్టి జట్టును పెట్టారు. జనం ఆట చూడటానికి టికెట్టు కొని రైలెక్కారు. నిషిదా గారి నాన్న ఆ కంపెనీ మరమ్మతు షెడ్డులో ఫిట్టరు. జట్టు గెలిచిన మర్నాడు షెడ్డులో సుత్తి చప్పుడు కూడా వేరుగా ఉండేదట. ఆ తర్వాత రోజులు మారాయి. మైదానం సగం ఖాళీగా ఉండటం మొదలైంది. ఒక శరత్కాలంలో రైలు కంపెనీ జట్టును ఒక దుకాణాల కంపెనీకి అమ్మేసింది. కొత్త యజమాని పేరు మార్చాడు, బట్టల రంగు మార్చాడు, జట్టును దూరాన వేరే ఊరికి తరలించాడు. ఖాళీ అయిన మైదానంలో గడ్డి తీసేసి, అమ్మకానికి మాదిరి ఇళ్ళు కట్టి చూపించారు. బంతి విసిరేవాడు నిలబడే చోట ఎవరిదో నమూనా వంటిల్లు వచ్చింది. కొన్నేళ్ళకు అదీ కూల్చి బజారు కట్టారు.

జట్టు అమ్ముడుపోయిన సంగతి ఆయనకు ఇక్కడ, కువైట్‌లో, వారం ఆలస్యంగా వచ్చిన పేపరులో తెలిసింది. "సెలవుకి వెళ్తే చూద్దామనుకున్నాను. వెళ్ళేసరికి లేదు" అన్నారు. తర్వాత కొత్త యజమానులు జట్టు చరిత్ర అని ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో రైలు కంపెనీ కాలానికి ఒకే ఒక్క పేజీ. "తప్పు రాశారా సార్?" అని అడిగాను. ఆయన నూనె సీసా మూత బిగించి, "తప్పు లేదు రమణా సాన్. ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళు నిర్ణయించుకున్నారు, అంతే" అన్నారు. సాన్ అంటే గారు. డ్రైవరుని గారు అని పిలిచే మనిషి ఆయనొక్కరే. ఎక్కడ మొదలుపెట్టాలో అన్న ఆ మాటలో నాకు పనికొచ్చేది ఎంత ఉందో అప్పుడు నాకు తెలియలేదు. పుస్తకంలో ఒకే పేజీ ఉందట పాపం అనుకున్నాను, అంతే.

ఒక్క మ్యాచ్ గురించి మాత్రం ఆయన పూర్తిగా చెప్పేవారు కాదు. మొదలుపెట్టి, "అది తీరిగ్గా చెప్పాలి" అని ఆపేసేవారు. వాళ్ళ నాన్న ఆయన్ని తీసుకెళ్ళిన మొదటి మ్యాచ్ అది. చివరిది కూడానట. ఆ మరుసటి ఏడే నాన్న షెడ్డులో ప్రమాదంలో పోయాడు. "ముప్పయ్యో సంవత్సరం. నాకు ఎనిమిదేళ్ళు" అనేవారు. ముప్పయ్యో సంవత్సరం అన్న మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆయన ఇఖామా కాగితాలు తెచ్చి ఇచ్చేది నేనే. పుట్టిన సంవత్సరం అందులో పందొమ్మిది వందల నలభై ఏడు అని ఉంది. ఒక శుక్రవారం పనిగట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళాను. ప్రపంచంలోని ఆటలన్నిటి మీదా ఒక లావు పుస్తకం ఉంది. జపాన్ బేస్‌బాల్‌కి అందులో పేజీన్నర. అక్కడ వృత్తి జట్ల లీగు మొదలైందే పందొమ్మిది వందల ముప్పై ఆరులో అని స్పష్టంగా ఉంది. ముప్పైలో ఆయనా లేరు, ఆ లీగూ లేదు. పెద్దాయనకు మతి తప్పుతోందనుకున్నాను. జాలి కలిగింది. జాలితో పాటు, దాచను, సంతోషం కూడా కలిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనకు తెలియనిది నాకు తెలిసింది.

ఆ రోజుల్లోనే కఫీల్ వాళ్ళ అన్నగారి కొడుకు మా వర్క్‌షాపుకి మేనేజరుగా వచ్చాడు. అందరం అతన్ని ముదీర్ అనేవాళ్ళం. నిషిదా గారికి వయసు మీరిందని, మాటలు తడబడుతున్నాయని, ఈసారి ఇఖామా పొడిగించవద్దని చిన్నాన్నకు చెబుతున్నాడని మస్తానన్న నాకు ముందే చెప్పాడు. కఫీల్‌కి పంపడం ఇష్టం లేదు. నిషిదా గారికి వెళ్ళడం అసలే ఇష్టం లేదు. జపాన్‌లో చెల్లెలు ఉన్నా ఆమెకు ఆమె సంసారం ఉంది. "నేను వెళ్ళి ఏ స్టేషన్‌లో దిగాలి?" అన్నారొకసారి. చివరకు కఫీల్ స్వయంగా వచ్చి చూసి తేల్చుకుంటానన్నాడు.

ఆయన వచ్చిన రోజు మధ్యాహ్నం స్టోరు ముందు షెడ్డులో అందరం కూర్చున్నాం. కఫీల్, ముదీర్, పని ఇచ్చే కంపెనీ వాళ్ళు ఇద్దరు, నిషిదా గారు కుర్చీల్లో ఉన్నారు. మేం పంపు పెట్టెల మీద కూర్చున్నాం. టీ అయ్యాక కఫీల్, "నిషిదా, మీ జట్టు సంగతి ఏదైనా చెప్పు, వీళ్ళు వినలేదు" అన్నాడు. స్నేహంగానే అడిగాడు. కానీ అది పరీక్ష అని అందరికీ తెలుసు. నిషిదా గారు పెన్సిలు తీసి పెట్టె మూత మీద మైదానం బొమ్మ గీశారు. ఎన్నడూ చెప్పని ఆ మ్యాచ్‌నే మొదలుపెట్టారు.

"ముప్పయ్యో సంవత్సరం. నాకు ఎనిమిదేళ్ళు. పొద్దున వాన పడింది. మైదానంలో రంపపు పొట్టు చల్లారు" అని మొదలైంది. నాన్నకు కంపెనీవాళ్ళు రెండు పాసులిచ్చారు. నాన్న మాట్లాడే మనిషి కాదు. ఆట మొత్తం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మా జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. చివరి ఇన్నింగ్. ఇద్దరు అవుటయ్యారు, మూడో మూలలో ఉన్న మావాడు చివరి మూల చేరి పరుగు పూర్తిచేయడానికి సిద్ధంగా ఉన్నాడు. బ్యాటు పట్టినవాడు కొట్టిన బంతి ఎత్తుగా లేచింది. మా ముదీర్ కూడా ఫోను పక్కన పెట్టి వింటున్నాడు. కఫీల్ ముందుకు వంగాడు. నిషిదా గారి పెన్సిలు గాలిలో ఆగింది. "అప్పుడు మా నాన్న లేచి నిలబడ్డాడు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడి..."

"సార్, ముప్పైలో జపాన్‌లో లీగే లేదు" అన్నాను నేను.

ఇంగ్లీషులో, గట్టిగా, అందరికీ వినబడేట్టు అన్నాను. ఆ మాట నోట్లో పెట్టుకుని ఆయన మొదలుపెట్టినప్పటి నుంచి కాచుకుని ఉన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆగవలసినవాణ్ణి ఆగలేదు. లీగు ముప్పై ఆరులో మొదలైందని, నేను పుస్తకంలో చూశానని, పైగా ముప్పైలో సార్ పుట్టనే లేదని చెప్పాను. కంపెనీ మనుషులిద్దరూ నవ్వారు. ముదీర్ నవ్వలేదు. చిన్నాన్న వైపు చూసి, అరబ్బీలో మెల్లగా ఏదో అన్నాడు.

నిషిదా గారు నన్ను చూశారు. కోపంగా కాదు. ముందు ఆశ్చర్యం, తర్వాత ఏదో అర్థమైనట్టు. ఏదో చెప్పబోయి, కఫీల్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "పుస్తకంలో ఉందా?" అన్నారు.

"ఉంది సార్."

"అయితే సరే" అని పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక మస్తానన్న లేతు దగ్గరికి పిలిచాడు. "ముసిలాయన కొంప ముంచితివి గదప్పా" అన్నాడు.

"నిజమే గదన్నా నేను చెప్పింది."

"నిజమే అనుకో. అప్పుడే చెప్పల్లనా? రేపు చెప్తే పుస్తకంలో అచ్చరాలు చెరిగిపోతాయా?" అని చేతులు తుడుచుకుని, "ఆ బంతి ఏమాయనో నాకు గూడా తెల్సుకోవాలనుండె" అన్నాడు.

ఆ సాయంత్రం కారులో నిషిదా గారు తొడుగుని ఒళ్ళోకి తీసుకోలేదు. అయిదో రింగ్ రోడ్డు మీదికి వచ్చాక, "రమణా సాన్, మా దేశంలో సంవత్సరాలు..." అని మొదలుపెట్టారు. ఇంత పెద్ద మనిషి నాకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందే అని మనసు ఎలాగో అయింది. ఆయన్ని ఆ ఇబ్బంది నుంచి తప్పించాలనుకున్నాను. "పర్లేదు సార్. వయసు మీద పడితే అందరికీ జరిగేదే" అన్నాను. చాలా మర్యాదగా, చాలా మెత్తగా అన్నాను. ఆయన "అవును" అని కిటికీ వైపు తిరిగారు. మధ్యాహ్నం చేసిన దానికన్నా నన్ను ఎక్కువగా పట్టి పీడిస్తున్నది ఆ మెత్తని మాటే. మధ్యాహ్నం గర్వంతో అన్నాను, దానికి మందుంది. సాయంత్రం దయతో అన్నాను.

ఇఖామా పొడిగించలేదు. నెల తిరక్కుండా ఆయన ఫ్లాటు ఖాళీ చేశారు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. తొడుగు పెట్టెలో సర్దేశారు. లోపలికి వెళ్ళేముందు చిరునామా రాసిచ్చి, నడుము వంచి నమస్కారం చేశారు. నేనూ వంగాను, ఎంతవరకు వంగాలో తెలియక. "చదువుతూ ఉండు" అన్నారు. ఉత్తరం రాస్తానన్నాను. రాయలేదు. ఏం రాయాలో తోచలేదు. ఆయన తప్పు నేను క్షమించానని రాయలేను కదా అనుకున్నాను. అవును, ఆ రోజుల్లో నేను అలాగే అనుకున్నాను.

ఏడాది దాటాక వఫ్రా తోటల నుంచి ఒక పాత జపాన్ పంపు బాగుకు వచ్చింది. రిజిస్టరులో రాయడానికి పేరుపలక మీది తుప్పు గీకాను. తయారైన సంవత్సరం అన్న చోట రెండు జపాన్ అక్షరాలు, వాటి పక్కన 60 అని ఉంది. అరవై అని రాసుకున్నాను. తోట యజమాని తెచ్చిన కాగితాల్లో ఆ పంపు ఓడ దిగింది పందొమ్మిది వందల ఎనభై ఆరులో అని ఉంది. ఇరవై ఆరేళ్ళు ఎక్కడ పడి ఉందని ముదీర్ నవ్వాడు. "అరవైలో ఇట్లాంటి మోటారు యాడుండాదప్పా?" అని మస్తానన్న మోటారు చుట్టూ తిరిగాడు. నేను చూసింది ఒక గడిలో, విన్నది ఒక గడిలో రాశాను. రెండు గడులూ కలవలేదు. ఆ శుక్రవారం గ్రంథాలయంలో జపాన్ మీద ఉన్న పుస్తకాలన్నీ దించాను. మూడో పుస్తకంలో దొరికింది. జపాన్ వాళ్ళు ఏళ్ళను చక్రవర్తి గద్దెనెక్కిన సంవత్సరం నుంచి లెక్కపెట్టుకుంటారు. చక్రవర్తి మారితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ కాలపు లెక్కకు పందొమ్మిది వందల ఇరవై ఐదు కలుపుకుంటే మన లెక్క వస్తుంది. అరవై అంటే ఎనభై ఐదు. ముప్పై అంటే యాభై ఐదు. నలభై ఏడులో పుట్టిన పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ బల్ల దగ్గరే మా ఇంటి లెక్కలు గుర్తొచ్చాయి. మా అవ్వ తన పెళ్ళి నందన నామ సంవత్సరంలో అయిందని చెప్పేది, మా అమ్మ పుట్టింది మన్మథలో అనేది. అవి ఇంగ్లీషు సంవత్సరాలు కావని నేను ఆమెను ఎప్పుడూ తప్పుపట్టలేదు. మస్తానన్న తండ్రి పోయిన దినం హిజ్రీ నెల ప్రకారం చేసుకుంటాడు. మా షెడ్డులో పెట్టెల మీద కూర్చున్న పదిమందికి కనీసం మూడు రకాల లెక్కలున్నాయి. నాలుగో లెక్క ఒకటి ఉండవచ్చని తోచనిది, వాళ్ళందరిలో ఎక్కువ చదివిన నాకే. పుస్తకం తప్పు కాదు. ఆయనా తప్పు కాదు. "మా దేశంలో సంవత్సరాలు" అన్న మాట దగ్గర ఆయన్ని ఆపిందీ నేనే.

ముదీర్‌కి చెబితే, "ఖలాస్ రమణా, ఆయన వెళ్ళి ఏడాదైంది" అన్నాడు. కఫీల్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తిప్పుతున్న తస్బీ జపమాలను పక్కన పెట్టాడు. "నేను పుట్టిన సంవత్సరం కూడా నాకు హిజ్రీలోనే తెలుసు. కనీసం నేనైనా అడగవలసింది" అన్నాడు. తర్వాత, "ఆయన ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకు అప్పటికే తెలిసింది. చెబితే, పనివాళ్ళ ముందు, యజమాని ముందు, వచ్చిన అతిథుల ముందు, నేను మూర్ఖుణ్ణయ్యేవాణ్ణి. నా వైపు, కఫీల్ వైపు చూసిన ఆ రెండు చూపుల్లో ఆయన తేల్చుకున్నది అదే అని నా నమ్మకం. నేను చూసింది కాదు, అనుకుంటున్నది.

ఉత్తరం రాయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. క్షమించమని రాశాను, లెక్క ఎలా తెలిసిందో రాశాను. జవాబు ఆయన మేనకోడలు ఇంగ్లీషులో రాసింది. మామయ్య చలికాలంలో పోయారని, చివరిదాకా తెలివిగానే ఉన్నారని రాసింది. నా ఉత్తరం ఆయన చదవలేదు. ఆమె ఇంకా ఇలా రాసింది: "మామయ్య జట్టు సంగతులు మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అడిగితే, అన్నీ కువైట్‌లో రమణా సాన్‌కి చెప్పాను, ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి అనేవారు. మా అమ్మ ఒక్కటి అడగమంటోంది. తాతయ్య పోయేనాటికి అమ్మ చంటిపిల్ల. తండ్రి గురించి అమ్మకు ఏమీ గుర్తులేదు. ఆ మ్యాచ్‌లో చివరి బంతికి తాతయ్య లేచి నిలబడ్డాడని మామయ్య అనేవారు. లేచి నిలబడి ఏం చేశాడో మీకు చెప్పే ఉంటారు కదా. దయచేసి రాయండి."

ఆ ఉత్తరం పెట్టుకుని కొన్ని రోజులు గడిపాను. రాయడం నాకు చేతకాని పని కాదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక తండ్రి చేత టోపీ గాలిలోకి విసిరించగలను, కొడుకుని భుజాల మీదికి ఎత్తించగలను, ఏడిపించగలను. నిజానికి ఒక కాగితం మీద రాసి కూడా చూశాను. చాలా బాగా వచ్చింది. ఎక్కడో ఒక ముసలావిడ దాన్ని మరొకరిచేత చదివించుకుని తన తండ్రి అనుకుంటుందని తోచగానే చింపేశాను. గెలుపోటములు రికార్డు పుస్తకాల్లో దొరుకుతాయేమో, కానీ ఆమె అడిగింది అది కాదు. చివరకు మూడు వాక్యాలు రాసి పంపాను. "అమ్మా, మీ అన్నగారు ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పబోతుంటే, నాకు తెలిసిందొకటి చెప్పాలని నేను మధ్యలో ఆపాను. తర్వాత ఆయన మళ్ళీ చెప్పబోయారు, అప్పుడూ నేనే ఆపాను."

జవాబు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. ఇప్పుడు స్టోరు మొత్తం నా చేతిలోనే ఉంది. నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు, ఏదైనా అనుమానం వస్తే మేనేజర్లు కూడా నన్నే అడుగుతారు. అయినా ఎవరైనా మాట మధ్యలో ఉన్నప్పుడు నోరు తెరవాలంటే నాకు భయం వేస్తుంది. ఆ విషయం నాకు బాగా తెలిసిందైతే మరీ భయం.